మామిడి గుజ్జు పోయే ఊళ్లకు కెమెరాతో

215 కిలోలు. చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో ఒక ఇనుప డ్రమ్ములో పట్టే తోతాపురి గుజ్జు బరువిది. అదే డబ్బాకైతే 3.1 కిలోలు. తీపి 14 బ్రిక్స్‌కు తగ్గకూడదు. జూన్, జూలై నెలల్లో మార్కెట్ యార్డు ముందు ట్రాక్టర్లు బారులు తీరినప్పుడు కాయ కిలో ఎంతకు పోయిందని అడుగుతారే గానీ, ఎక్కడికి పోయిందని ఎవరూ అడగరు. (2025లో ఆ ధర ఫ్యాక్టరీ ఇచ్చే 8 రూపాయలు, ప్రభుత్వం కలిపే 4 రూపాయలు, వెరసి 12.) సౌదీ అరేబియా, యెమెన్, కువైట్, యూఏఈ మన గుజ్జును ఏళ్ల తరబడి కొంటున్న దేశాలు. జెడ్డాలో ఎవరో తాగే మామిడి రసం మన యార్డులో దిగిన కాయదే కావచ్చు.

గుజ్జు పోయినట్టే మనుషులూ పోతారు. పీలేరు, రాయచోటి, రాజంపేట, కోడూరు వైపు గల్ఫ్‌కు మనిషిని పంపని ఊరు వెతకాలి. పదేళ్లు ఉండి వచ్చినవాణ్ని "ఏం చూసొచ్చినావబ్బా?" అని అడిగి చూడండి. "ఏముందిన్నా, అరబీ ఇల్లు, బక్కాలా, మళ్లా ఇల్లు" అంటాడు. అకామా (అక్కడ ఉండేందుకు ఇచ్చే కార్డు), కఫీల్ (పూచీపడే యజమాని) మన ఊరి మాటలైపోయాయి గానీ, అక్కడి పాతబస్తీ, సముద్రపు ఒడ్డు, ఎడారి మాత్రం మన మాటల్లోకి రాలేదు. అరేబియా అంటే మనకు పనికి పోయే చోటు. చూడటానికి పోయే చోటు కూడా అని, అది మనం అనుకున్నంత పరాయిది కాదని, నాలుగు లెక్కలు వేసి చూపించాలని ఈ కథనం.

పడమటికి ఒక గీత

మొదటి లెక్కకు భూగోళం బొమ్మ చాలు. బంగారుపాళ్యం సుమారు 13.2 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అక్కడ వేలు పెట్టి నేరుగా పడమటికి జరపండి. కొద్ది దూరంలో చిక్కమగళూరు వస్తుంది, 13.3 డిగ్రీలు. ఆ పైన పడమటి కనుమలు, అరేబియా సముద్రం, ఏడెన్ సింధుశాఖ దాటాక ఎర్రసముద్రం మొదట్లో వేలు తగిలే రేవు మోకా. అదీ 13.3 డిగ్రీలే. ఒకప్పుడు లోకం తాగిన కాఫీ చాలావరకు ఆ రేవు నుంచే పోయింది. 17వ శతాబ్దంలో బాబా బుడన్ 7 గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడని అక్కడివాళ్లు చెప్పుకునేది కూడా మోకా గింజల గురించే. మన ఇళ్లలో పొద్దున్నే దిగే డికాషన్ కథ ఆ ఒక్క గీత మీదే నడిచింది.

ఇంకో మూడు జంటలు చూడండి. కడప 14.5 డిగ్రీలు, యెమెన్ దక్షిణ తీరంలోని ముకల్లా రేవూ 14.5. కర్నూలు 15.8, మట్టి మేడల ఊరు షిబామ్ 15.9. కాకినాడ, ఒమన్‌లోని సలాలా రెండూ 17 దగ్గరే. అరేబియా అనగానే మనకు ఏదో ఉత్తరాదిన ఉన్నట్టు తోస్తుంది. దాని దక్షిణ తీరమంతా మన కడప, కర్నూలు, కాకినాడల సరసనే ఉంది.

దూరమూ అంతే. బెంగళూరు నుంచి మస్కట్ గాలిదారిలో దాదాపు 2,340 కిలోమీటర్లు. ఢిల్లీకి 1,700 పైన. అంటే ఢిల్లీ పోయేవాడు ఇంకో మూడో వంతు దూరం పోతే మస్కట్. గడియారం గంటన్నర వెనక్కి తిప్పుకోవాలి; సౌదీ, కువైట్, యెమెన్‌లకైతే రెండున్నర గంటలు.

దూరం చిన్నదే గానీ నేల మాత్రం చిన్నది కాదు. అరేబియా ద్వీపకల్పం 32 లక్షల చదరపు కిలోమీటర్లు, ఇంచుమించు మన దేశమంత. అందులో రుబ్ అల్ ఖాలీ, అంటే 'ఖాళీ పావు' అనే ఒక్క ఇసుక ఎడారే ఆరున్నర లక్షలు. మన ఆంధ్రప్రదేశ్ లక్షా 63 వేలు. నాలుగు ఆంధ్రప్రదేశ్‌లు పక్కపక్కన పరిచి, చెట్టూ చెరువూ తుడిచేసి, 250 మీటర్ల దాకా లేచే ఇసుక కొండలు పోస్తే ఎలా ఉంటుందో అదీ ఆ ఎడారి. కొత్తగా పోయేవాళ్లు దాని జోలికి పోవద్దు. ఒమన్‌లోని వహీబా ఇసుకలు 12,500 చదరపు కిలోమీటర్లు. పాత ఉమ్మడి చిత్తూరు జిల్లా 15 వేల పైచిలుకు. అది చేతికందే ఎడారి.

మన అప్పు తీర్చలేని ఊరు

పాత ఊళ్ల దగ్గర కొంచెం ఆగాలి. తెలుగు నేలకు అరేబియాలో అన్నిటికన్నా దగ్గరి చుట్టం ఇందాక చెప్పిన షిబామ్.

రాయలసీమలో మట్టి మిద్దె తెలిసినవాళ్లకు షిబామ్‌ను వర్ణించడం తేలిక. మన మట్టి మిద్దెనే ఒకదాని మీద ఒకటి ఆరేడు పేర్చుకుంటూ పోతే షిబామ్ ఇల్లు. అడుగున రాతి పునాది, పైన గడ్డి కలిపి ఎండలో ఆరబెట్టిన పచ్చి ఇటుకలు, పైఅంతస్తులకు సున్నం పూత. కొన్ని మేడలు 30 మీటర్లు దాటుతాయి. ప్రహరీ లోపల ఇరుకు సందుల మధ్య దాదాపు 500 ఇళ్లు. వాటిలో ఎక్కువభాగం 16వ శతాబ్దపు వరద తర్వాత కట్టినవి. వానకు కరగకుండా మన మిద్దె మీద చౌడు పోసుకున్నట్టే, వాళ్లూ పూత పూసుకుంటూ ఉండాలి. ఒక్క తరం చేతులు ముడుచుకుంటే ఊరే మట్టిలో కలుస్తుంది. 1982లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 2015లో ప్రమాదంలో ఉన్న వాటి జాబితాలోనూ చేర్చింది.

ఇక చుట్టరికం. షిబామ్ ఉన్న హద్రమౌత్ లోయ నుంచి 19వ శతాబ్దంలో వందల మంది అరబ్బులు హైదరాబాద్ వచ్చి నిజాం సైన్యంలో చేరారు. వాళ్లలో జమాదారుగా ఎదిగిన ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ ఇక్కడ గడించిన సొమ్ముతో అక్కడ రాజ్యమే కట్టించాడు. 1858లో షిబామ్, ఆయన పోయాక కొడుకుల కాలంలో 1867లో షిహ్ర్, 1881లో ముకల్లా వాళ్ల చేతికి వచ్చాయి. ఆ తర్వాతి సుల్తానులు హైదరాబాద్‌లో ఒక కాలు, ముకల్లాలో ఒక కాలు పెట్టుకుని ఏలారు. ముకల్లా రేవులోని సుల్తాను భవనం ఫొటో చూస్తే హైదరాబాద్ దేవిడీల ఛాయ కనపడుతుంది. ఆ రాజ్యం 1967 సెప్టెంబరు 17న కూలింది. నిజాం రాజ్యం కూలిన తేదీ కూడా సెప్టెంబరు 17, సంవత్సరం 1948. సరిగ్గా 19 ఏళ్ల తేడా. కాకతాళీయమే, కానీ మర్చిపోలేని కాకతాళీయం.

మనకు ఇంత దగ్గరైన ఊరికి మనం పోలేం. 2017 సెప్టెంబరులో మన ప్రభుత్వం యెమెన్ ప్రయాణాన్ని నిషేధించింది. విదేశాంగ శాఖ ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప భారత పాస్‌పోర్టు అక్కడ చెల్లదు. అంటే మోకా, ముకల్లా, షిబామ్, అన్నిటినీ కొట్టేసుకోవాలి. కడప గీత, కర్నూలు గీత, మన ఊరి గీత మూడూ మూసి ఉన్న తలుపుల దగ్గరే ఆగుతాయి. ఎవరో పోయి వచ్చి యూట్యూబ్‌లో పెట్టాడని మీరు సాహసం చేయొద్దు. ఆయన పాస్‌పోర్టు వేరు.

అంతగా మనసైతే హైదరాబాద్ పాతబస్తీ దక్షిణాన బార్కస్‌కు వెళ్లండి. ఆ పేరు 'బ్యారక్స్' నుంచే వచ్చింది. నిజాం సైన్యంలోని ఆ అరబ్బుల మనవలు, మునిమనవలు ఇప్పటికీ అక్కడ లుంగీలు కట్టుకుని హరీస్ తింటారు. వీసా అక్కర్లేదు.

తెరిచి ఉన్న తలుపులు

సౌదీ అరేబియా కేవలం చూడటానికి వచ్చేవాళ్లకు ఈ-వీసాల తలుపు తెరిచింది 2019 సెప్టెంబరులో. మొదటి జాబితాలో 49 దేశాలు. మన దేశం లేదు. మనం దరఖాస్తు పెట్టుకుని విడిగా తీసుకోవాలి. ఆ శ్రమకు తగిన ఊళ్లు రెండు. ఒకటి జెడ్డాలోని అల్ బలద్. ఎర్రసముద్రపు పగడపు రాతితో కట్టిన ఇళ్లు, వీధిలోకి పొడుచుకొచ్చిన చెక్క కిటికీలు. ఆ కిటికీల టేకు కొంత మన దేశం నుంచి పోయిందే. అక్కడి నసీఫ్ ఇంట్లో 106 గదులు. ఒంటె ఎక్కిపోయేంత వెడల్పాటి మెట్లు. రెండోది ఉత్తరాన హెగ్రా. నబాటియన్లు కొండరాతిలో తొలిచిన 111 సమాధులు, వాటిలో 94 చెక్కడపు ముఖాలతో ఉన్నవి. మన ఉండవల్లి చూసినవాడు హెగ్రా ముందు నోరు తెరవడు, కానీ అరగంట కదలడు. యునెస్కో 2008లో హెగ్రాను, 2014లో జెడ్డాను గుర్తించింది.

అయినా మొదటిసారి పోయేవాళ్లకు నా ఓటు ఒమన్‌కే. రియాలు ఖరీదు ఎక్కువ, 2.6 డాలర్లు, అంటే 220 రూపాయల పైమాటే. మనదగ్గర వెయ్యి అక్కడ ఐదు కూడా కాదు. ఆ దెబ్బ తట్టుకుంటే మిగతా అంతా లాభమే: పాత ఊరు, తీరం, ఎడారి, కొండ, నాలుగూ ఒకే చుట్టులో వస్తాయి. మస్కట్ నుంచి నిజ్వా 160 కిలోమీటర్లు. అక్కడి కోట బురుజు 17వ శతాబ్దంలో కట్టింది. పక్కనే బహ్లా, రాతి పునాది మీద పచ్చి ఇటుకల కోట, 1987 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. 3,000 మీటర్ల జబల్ షమ్స్ ఎక్కి కిందికి చూస్తే దాదాపు కిలోమీటరు లోతు లోయ. దిగివచ్చి తూర్పున వహీబా ఇసుకలు, అక్కడి నుంచి ఓడలు కట్టే సూర్ పట్నం, తీరం వెంట శిథిలమైన ఖల్హాత్ రేవు, మళ్లీ మస్కట్. అన్నీ కలిపినా 900 కిలోమీటర్లు దాటదు. సూర్‌లో కట్టిన ఓడలకు కేరళ టేకు వాడేవారు. మస్కట్ పెద్ద మసీదుకు 3 లక్షల టన్నుల ఇసుకరాయి మన దేశం నుంచే పోయింది. మామిడి గుజ్జు ఒక్కటే కాదన్నమాట మనం పంపింది.

దారిలో ఫలజ్ అనే కాలువలు కనిపిస్తాయి. కొండ అడుగున ఊట దగ్గర తవ్వి, వాలు చూసుకుని, పంపూ మోటారూ లేకుండా ఖర్జూర తోటలకు నీళ్లు తెచ్చే కాలువలు. ఇప్పటికీ పారుతున్నవి 3,000. వాటిలో 5 కాలువలు 2006 నుంచి ప్రపంచ వారసత్వం. ఏటి ఇసుకలో తవ్వి పొలానికి తెచ్చుకునే ఊటకాలువలు, వాటి వంతుల తగవులు తెలిసిన మన జిల్లా రైతుకు ఇక్కడ గైడు అక్కర్లేదు. నీటి వంతు గంటల లెక్కన పంచుకునే తీరు చూసి, అక్కడివాళ్లకే రెండు సలహాలు ఇచ్చి రాగలడు.

ఎండ లెక్క, నీడ లెక్క

ఫొటో తీసేవాడికి దేశం కన్నా నెల ముఖ్యం. డిసెంబరు 21న మధ్యాహ్నం బంగారుపాళ్యంలో సూర్యుడు 53 డిగ్రీల ఎత్తున ఉంటాడు. 10 మీటర్ల గోడ నీడ 7.4 మీటర్లు పడుతుంది. మస్కట్‌లో అదే వేళకు ఎత్తు 43 డిగ్రీలే; అదే గోడ నీడ 10.7 మీటర్లు. గోడ కంటే నీడే పొడుగు! మిట్టమధ్యాహ్నం కూడా మట్టిగోడ గరుకుతనం, కిటికీ చెక్కడం కనపడేంత ఏటవాలు వెలుగు డిసెంబరులో దొరుకుతుంది. జూన్ 21న అదే మస్కట్‌లో సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, కర్కాటక రేఖ ఆ ఊరి పక్కనుంచే పోతుంది కనక. నీడ కాళ్ల కిందికి జారిపోతుంది, వేడి ఒక్కోరోజు 45 కూడా దాటుతుంది, ఫొటో అట్టముక్కలా వస్తుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానే పోవాలనడానికి చెమట ఒక్కటే కారణం కాదు.

పొద్దు కుంగే వేళ బంగారు వెలుగు ఎంతసేపుంటుందో కూడా లెక్క కట్టొచ్చు. సూర్యుడు 6 డిగ్రీల ఎత్తు నుంచి అంచుకు దిగడానికి లండన్‌లో మార్చి నెలలో 38 నిమిషాలు పడితే, మస్కట్‌లో 26, మన దగ్గర 25. డిసెంబరులో మస్కట్‌కు 29 నిమిషాలు. యూరప్‌వాళ్ల ఫొటోగ్రఫీ పుస్తకాలు చదివి తీరిగ్గా టీ తాగి బయల్దేరితే ఇసుక మీద చీకటే మిగులుతుంది. ఎక్కడ నిలబడాలో మధ్యాహ్నమే చూసిపెట్టుకోవాలి.

ఇసుకతో ఇంకో చిక్కు. కెమెరా ఏ వస్తువును చూసినా అది తనమీద పడ్డ వెలుగులో 18 శాతం తిరగ్గొడుతుందని అనుకుంటుంది. ఎండు ఇసుక తిరగ్గొట్టేది దానికి రెట్టింపు. దాంతో కెమెరా కంగారుపడి వెలుగు తగ్గిస్తుంది, బంగారు దిబ్బ కాస్తా బూడిదకుప్ప అవుతుంది. పెళ్లిలో తెల్లపంచె కట్టిన పెళ్లికొడుకు ఫొటోలో మాసిన బట్టలతో కనపడటం మన ఫొటోగ్రాఫర్లకు తెలిసిన బాధే, ఇదీ అదే. అందుకని రెట్టింపు వెలుగు ఇవ్వాలి, అంటే కెమెరాలో +1. ఫోన్‌లో అయితే తెరమీద వేలు పెట్టి, పక్కన వచ్చే సూర్యుడి బొమ్మను పైకి జరపాలి. నల్లరాతి కొండల దగ్గర దీనికి తిరగేసి.

చల్లని గదిలోంచి తీరపు ఉక్కలోకి కెమెరా తీస్తే అద్దం మీద ఆవిరి పడుతుంది. సంచిలోనే 20 నిమిషాలు ఉంచి బయటికి తీయండి. ఎడారిలో లెన్సు మార్చొద్దు. బండి ఇసుకలోకి దిగేముందు టైరు గాలి 35 నుంచి 15-18కి తగ్గిస్తారు. తగ్గించని డ్రైవరు దొరికితే దిగిపోండి.

టికెట్ కొనేముందు ఇంట్లో వేలాడే పంచాంగం క్యాలెండరు చూడటం మంచిది. దిబ్బల మీద వెన్నెల కావాలంటే పున్నమి, చుక్కలు కావాలంటే అమావాస్య. అరబ్బుల నెలలూ చంద్రుడి నెలలే కనక అమావాస్య దాటి నెలవంక కనపడగానే వాళ్లకు ఒకటో తేదీ. తేడా ఒక్కటే: మనకు అధికమాసం ఉంది, వాళ్లకు లేదు. వాళ్ల ఏడాది 354 రోజులు. అందుకే రంజాన్ ఏటా 11 రోజులు ముందుకు జరుగుతూ పోతుంది. 2026లో ఫిబ్రవరి మూడో వారంలో మొదలైంది; 2027లో ఇంకా ముందే. ఆ నెలలో పగలు హోటళ్లు చాలావరకు మూతపడతాయి. ఫొటోలకు మాత్రం ఇఫ్తార్ వేళ వీధులు బ్రహ్మాండం.

చలికాలం నియమానికి మినహాయింపు ఒక్క సలాలా. కాకినాడ గీత మీది ఆ ఊరికి మన నైరుతి రుతుపవనపు అంచే తాకుతుంది. జూన్ 21 నుంచి సెప్టెంబరు 21 దాకా చుట్టూ ఎడారి కాలిపోతుంటే ఆ కొండలు మాత్రం మంచుతుంపరలో పచ్చబడతాయి. కొబ్బరి, అరటి, బొప్పాయి రోడ్డు పక్కనే అమ్ముతారు. ఆ మూడు నెలల్ని వాళ్లు ఖరీఫ్ అంటారు. అరబీలో ఆ మాటకు శరదృతువు అని అర్థం. మన రైతు నోట ఖరీఫ్ అనే మాట అదే. మొగలుల కాగితాల మీదుగా మన పొలాల్లోకి వచ్చింది.

ఫొటోకు శిక్ష ఎంత?

ఇది నవ్వులాటగా తీసుకోవద్దు. యూఏఈలో 2021 నాటి సైబర్ నేరాల చట్టం 44వ అధికరణం ప్రకారం ఎవరి వ్యక్తిగత జీవితంలోకైనా చొరబడేలా, వాళ్ల ఒప్పుదల లేకుండా ఫొటో తీసినా, పంచినా కనీసం 6 నెలల జైలు, లక్షన్నర నుంచి 5 లక్షల దిర్హాముల జరిమానా; రెండూ గానీ, ఒకటి గానీ. సౌదీలో 2007 చట్టం కెమెరా ఫోన్‌తో ఒకరి గుట్టు బయటపెడితే ఏడాది దాకా జైలు, 5 లక్షల రియాళ్ల దాకా జరిమానా అంటుంది. ఆడవాళ్లకు కెమెరా గురిపెట్టకండి. సైనిక స్థావరాలు, విమానాశ్రయాలు, రాజభవనాలు, చమురు గొట్టాలు కూడా వద్దు. అనుమతి లేకపోతే డ్రోన్‌ను ఇంట్లోనే వదిలి వెళ్లండి. ముసలివాళ్లను, వ్యాపారులను 'ముమ్‌కిన్ సూరా?' అని, అంటే ఒక ఫొటో తీసుకోవచ్చా అని అడిగితే చాలామంది కాదనరు. పైగా కాఫీ పోస్తారు. మన జిల్లాలో సంతలో ముసలమ్మను అడక్కుండా ఫొటో తీసి, వాట్సప్ స్టేటస్ పెట్టే మన అలవాటును చెన్నై విమానాశ్రయంలోనే దించుకుని పోవాలి.

మరొకటి, ఫొటోతో సంబంధం లేనిది, కానీ మన ప్రాంతంలో చెప్పకుండా వదలకూడనిది. పదో తరగతి పాసవనివాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర ఉంటుంది. గల్ఫ్‌తో కలిపి 18 దేశాలకు ఉద్యోగానికి పోవాలంటే ఆ పాస్‌పోర్టుకు ముందుగా ప్రభుత్వ అనుమతి కావాలి. ఇంటిపనికి పోయే ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండాలి. చూడటానికి పోయేవాడికి ఈ అనుమతి అక్కర్లేదు. సరిగ్గా ఆ సందు పట్టుకునే కొందరు ఏజెంట్లు "టూరిస్టు వీసా మీద పో, పని అక్కడ చూపిస్తా" అంటారు. టూరిస్టు వీసాతో పనిచేయడం అక్కడ నేరం, జీతం ఎగ్గొట్టినా అడిగే హక్కు ఉండదు. చూడటానికి పోయేవాడు చూసి రావాలి.

అరేబియాను ఫొటోల్లోకి ఎక్కించినవాళ్లలో మొదటివాడు ఈజిప్టు సైన్యంలోని ఇంజనీరు ముహమ్మద్ సాదిక్, 1861లో మదీనాలో. ఖాళీ పావును 1946-48 మధ్య రెండుసార్లు ఒంటెల మీద దాటిన ఇంగ్లీషువాడు థెసిగర్ జీవితకాలంలో తీసిన నెగటివ్‌లు 38 వేలు ఆక్స్‌ఫర్డ్ మ్యూజియంలో ఉన్నాయి. దశాబ్దాలుగా అక్కడ ఇళ్లు కట్టి, వంటలు వండి, ఒంటెలు కాసి వచ్చిన మన సీమవాళ్లు తీసిన ఫొటోలు మాత్రం పాత ఫోన్లలోనే పోతున్నాయి. మీ ఇంట్లో ఎవరైనా గల్ఫ్‌లో ఉంటే ఈసారి మాట్లాడినప్పుడు డబ్బు సంగతి అయ్యాక, ఆ ఊరి పాత తలుపు ఒకటి, రేవు ఒకటి తీసి పంపమని అడగండి.

మీరే పోతే, ఒమన్ చుట్టును శుక్రవారం నిజ్వాలో ఉండేలా కట్టుకోండి. వారానికోసారి పొద్దున్నే కోట పక్కన మేకల సంత జరుగుతుంది. అమ్మేవాళ్లు మేకల్ని పట్టుకుని గుండ్రంగా తిరుగుతుంటే, కొనేవాళ్లు లోపలా బయటా నిలబడి పళ్లు చూసి, వీపు నిమిరి బేరం ఆడతారు. మాట అర్థం కాకపోయినా బేరం మొత్తం అర్థమవుతుంది. గురువారం రాత్రికే ఊరు చేరి పడుకోండి. 9 గంటలకల్లా సంత అయిపోతుంది.